ఆటోమేటిక్ కారులో గేరు జారుతుంటే: లోపాన్ని గుర్తించడం నుంచి మరమ్మతు దాకా సమగ్ర మార్గదర్శి

ఆటోమేటిక్ కారులో యాక్సిలరేటర్ నొక్కినప్పుడు ఇంజిన్ శబ్దం పెరిగి, మీటరు బోర్డులో ఆర్‌పీఎం ముల్లు పైకి లేచి, బండి వేగం మాత్రం ఆ మేరకు పెరగకపోవడాన్ని గేరు జారడం అంటారు. ఇంజిన్ ఇచ్చే శక్తి చక్రాల దాకా చేరకుండా గేర్‌బాక్స్ లోపలే వేడిగా మారిపోతోందని దాని అర్థం. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఆటోమేటిక్ బండ్లు ఇప్పుడు చిన్న పట్టణాల్లో కూడా కనిపిస్తున్నాయి గానీ, వాటి గేర్‌బాక్స్‌ను నమ్మకంగా విప్పి బిగించగల మెకానిక్‌లు ఇంకా ఎక్కువగా హైదరాబాద్‌లోనే ఉన్నారు. అందువల్ల "బండి లాగడం లేదు" అనగానే "గేర్‌బాక్స్ పోయింది, దించాల్సిందే" అనే జవాబు తొందరగా వస్తుంది. యజమాని ఆ మాట నమ్మి పెద్ద ఖర్చుకు సిద్ధపడతాడు, లేదా అయినకాడికి బండిని అమ్ముకుంటాడు.

జారుడుకు మూలాలు రెండే. క్లచ్ ప్లేట్లను నొక్కి పట్టవలసిన ఆయిల్ పీడనం తగ్గడం ఒకటి, పీడనం సరిగ్గా ఉన్నా ప్లేట్ల పట్టు అరిగిపోవడం రెండోది. మొదటిది చాలాసార్లు గేర్‌బాక్స్‌ను దించకుండానే బాగవుతుంది, రెండోది దించనిదే బాగవదు. ఈ రెండింటిలో ఏదో తేలకముందు గేర్‌బాక్స్ దించడానికి ఒప్పుకోవద్దని నా గట్టి అభిప్రాయం. కింద చెప్పిన క్రమమంతా ఆ తేడాను తక్కువ ఖర్చుతో తేల్చుకోవడానికే.

మొదట గేర్‌బాక్స్ రకం తెలుసుకోండి

ఆటోమేటిక్ అనే ఒక్క పేరుతో మన రోడ్ల మీద నాలుగు వేర్వేరు యంత్రాలు తిరుగుతున్నాయి. బండి పేరును బట్టి రకాన్ని ఊహించడం కుదరదు. 2020లో వచ్చిన హ్యుందాయ్ క్రెటాలో డీజిల్ బండికి టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) ఉన్న ఆరు గేర్ల పెట్టె, 1.5 లీటర్ పెట్రోల్ బండికి సీవీటీ తరహా పెట్టె, టర్బో పెట్రోల్ బండికి రెండు క్లచ్‌ల డీసీటీ పెట్టె ఇచ్చారు. మారుతి బాలెనోలో 2022కు ముందు సీవీటీ ఉండేది, ఆ తరువాత ఏఎంటీ వచ్చింది. కాబట్టి బండితో పాటు ఇచ్చిన యజమాని పుస్తకంలో రకాన్ని, ఏ ఆయిల్ పోయాలో ఆ గ్రేడును చూసి రాసి పెట్టుకోండి. తరువాతి ప్రతి పనికీ ఆ రెండు వివరాలు కావాలి.

2014లో మారుతి సెలెరియోతో మన దేశంలోకి వచ్చిన ఏఎంటీ నిజానికి మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్‌ను కాలికి బదులు యాక్చుయేటర్ (కంప్యూటర్ ఆడించే పరికరం) తొక్కుతుంది, గేరును కూడా అదే మారుస్తుంది. అందులో గేరు జారితే దాదాపు ఎప్పుడూ మామూలు క్లచ్ ప్లేటు అరిగినట్టే లెక్క. ఎత్తు మీద ట్రాఫిక్‌లో బ్రేకు నొక్కకుండా యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టే అలవాటు ఆ ప్లేటును త్వరగా కాల్చేస్తుంది. క్లచ్ సెట్ మార్చిన తరువాత స్కానర్ (బండి కంప్యూటర్‌ను చదివే పరికరం) పెట్టి క్లచ్ లెర్నింగ్, అంటే కొత్త ప్లేటు ఎక్కడ పట్టుకుంటుందో కంప్యూటర్‌కు నేర్పడం, చేయించకపోతే, కొత్త ప్లేటుతో కూడా బండి జారుతుంది లేదా కుదుపుతుంది. గేరు మారేటప్పుడు బండి కొద్దిగా ముందుకు ఊగడం ఏఎంటీ స్వభావమే, అది లోపం కాదు.

సీవీటీలో గేర్లు ఉండవు, రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్టు తిరుగుతుంది. గట్టిగా యాక్సిలరేటర్ నొక్కితే ముందు ఆర్‌పీఎం పెరిగి, వెనకాల వేగం రావడం దానికి సహజం. దీన్నే జారుడు అని పొరబడి మంచి పెట్టెను విప్పించుకున్నవారు ఉన్నారు. సమతలంగా ఉన్న రోడ్డు మీద యాక్సిలరేటర్ కదపకుండా పోతున్నప్పుడు ఆర్‌పీఎం తనంతట తాను పైకీ కిందికీ ఊగితే, దానితో పాటు కుదుపు గానీ కూత గానీ వినిపిస్తే, అప్పుడు బెల్టు జారుతున్నట్టు అనుమానించాలి. సీవీటీలో దానికి చెప్పిన ఆయిల్ తప్ప మామూలు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) ఒక్క లీటరు కూడా కలపకూడదు. పుల్లీ గీరుకుపోయి లోహపు పొడి కనిపిస్తే చిన్న గ్యారేజీలో చేయగలిగిన పని ఏమీ ఉండదు. డీసీటీ సంగతి కూడా అంతే. దాని క్లచ్‌ల సర్దుబాటుకు కంపెనీ ప్రత్యేక పనిముట్లు, సాఫ్ట్‌వేర్ కావాలి కాబట్టి నేరుగా అవి ఉన్న చోటికే తీసుకెళ్లాలి.

ఇక్కడి నుంచి చెప్పేదంతా టయోటా ఇన్నోవా క్రిస్టా, మారుతి ఎర్టిగా, బ్రెజా వంటి బండ్లలో ఉండే టార్క్ కన్వర్టర్ గేర్‌బాక్స్ గురించి.

అది జారుడేనా అని నిర్ధారించుకోండి

ఇంజిన్ మిస్ ఫైర్ అయినా, ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయినా, బ్రేకు పట్టేసినా బండి లాగదు. తేడా ఆర్‌పీఎం ముల్లులో తెలుస్తుంది. ఇంజిన్ లోపమైతే వేగంతో పాటు ఆర్‌పీఎం కూడా పెరగక కుంగుతుంది లేదా అదురుతుంది. గేరు జారితే ఇంజిన్ తేలికగా, భారం లేనట్టుగా పైకి లేస్తుంది. ఓవర్‌టేక్ కోసం గట్టిగా నొక్కినప్పుడు గేరు కిందికి మారి ఆర్‌పీఎం ఒక్కసారిగా పెరగడం మామూలే, ఆ వెంటనే వేగం అందుకుంటే అనుమానించనక్కర లేదు.

మరో రెండు లక్షణాలను విడిగా గమనించాలి. ఇంజిన్ వేడెక్కి ఐడిల్‌లో ఉన్నప్పుడు, బ్రేకు మీద కాలు ఉంచి సెలెక్టర్‌ను (గేరు మీటను) ఎన్ (న్యూట్రల్) నుంచి డీ (డ్రైవ్)కి మార్చి, గేరు పడిన చిన్న తట్టు తెలిసే దాకా ఎంతసేపు పడుతోందో చూడండి. టయోటా వర్క్‌షాప్ పుస్తకాలలో ఎన్ నుంచి డీకి సుమారు 1.2 సెకన్లు, ఎన్ నుంచి ఆర్‌కు సుమారు 1.5 సెకన్లు పరిమితిగా కనిపిస్తుంది. రెండు మూడు సెకన్లు ఆగి పడితే పీడనం ఆలస్యంగా చేరుతున్నట్టు. రెండో లక్షణం, 50 నుంచి 80 కిలోమీటర్ల వేగంలో, తేలికగా యాక్సిలరేటర్ ఇచ్చి పోతున్నప్పుడు వేగ నిరోధక గీతల మీద నడుస్తున్నట్టు బండి సన్నగా వణకడం. అది టార్క్ కన్వర్టర్ లోపలి లాకప్ క్లచ్ (ఇంజిన్‌ను గేర్‌బాక్స్‌తో నేరుగా కలిపి పట్టేది) పట్టు విడిచి పట్టుకుంటున్న గుర్తు. చాలా బండ్లలో పాతబడిన ఆయిల్ దానికి కారణం కాబట్టి, సమయానికి ఆయిల్ మారిస్తే అక్కడితో ఆగే అవకాశం ఉంటుంది.

జారుడు ఖాయమని తేలిన రోజు నుంచి బండిని తిప్పడం తగ్గించాలి. ఏటీఎఫ్ మామూలుగా 80 నుంచి 95 డిగ్రీల సెల్సియస్ మధ్య పనిచేస్తుంది. ఆపైన ప్రతి పది డిగ్రీలకు దాని ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందని మెకానిక్‌లు లెక్కగట్టే ఉజ్జాయింపు సూత్రం. 120 డిగ్రీలు దాటితే రబ్బరు సీళ్లు గట్టిపడటం మొదలవుతుంది. మే నెలలో బయట 44, 45 డిగ్రీల ఎండ ఉండి, ఏసీ వేసి, నిండా మనుషులతో మన్ననూరు దాటి అమ్రాబాద్ అడవి గుండా శ్రీశైలం వెళ్లే బండి, దోమలపెంట తరువాత కృష్ణ వైపు దిగి మళ్లీ ఎక్కే ఘాట్ మలుపులలో జారుతున్న గేరుతో పోతే, దిగువన ఆయిల్ మార్చితే సరిపోయే లోపం పైకి చేరేసరికి ప్లేట్లు కాలిన లోపంగా మారవచ్చు. దారిలోనే జారడం మొదలైతే క్షేమమైన చోట పక్కకు ఆపి, సెలెక్టర్‌ను పీలో పెట్టి, కూలెంట్ ముల్లు మామూలు స్థాయిలోనే ఉంటే ఇంజిన్‌ను ఐడిల్‌లో కొన్ని నిమిషాలు నడపండి. ఇంజిన్ తిరుగుతుంటేనే గేర్‌బాక్స్ పంపు ఆయిల్‌ను కూలర్ గుండా తిప్పుతుంది. తాడు కట్టి లాగించడం మాత్రం వద్దు. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు నడిచే చక్రాలు నేల మీద తిరిగితే లోపలి భాగాలు ఆయిల్ లేకుండా తిరుగుతాయి. బండి మొత్తాన్ని ఎక్కించుకునే రికవరీ వ్యాన్‌నే పిలవాలి.

ఆయిల్ లెవెల్, రంగు, వాసన

పనంతటిలో అతి చౌకైనది, అతి ముఖ్యమైనది ఇదే. పాత బండ్లలో గేర్‌బాక్స్‌కు డిప్‌స్టిక్ ఉంటుంది. బండిని సమతలంగా నిలిపి, ఆయిల్ వేడెక్కాక, ఇంజిన్ తిరుగుతుండగా, సెలెక్టర్‌ను అన్ని స్థానాల్లో ఒక్కో క్షణం ఆపి పీకి తెచ్చి, పీచు రాలని శుభ్రమైన గుడ్డతో తుడిచి చూడాలి. కొత్త బండ్లలో చాలావాటికి డిప్‌స్టిక్ ఉండదు. కింద లెవెల్ ప్లగ్ ఉంటుంది. బండిని నాలుగు వైపులా సమానంగా లేపి, స్కానర్‌లో గేర్‌బాక్స్ ఆయిల్ ఉష్ణోగ్రతను చూస్తూ, ఆ మోడల్‌కు చెప్పిన ఉష్ణోగ్రత వద్ద, సాధారణంగా 35 నుంచి 45 డిగ్రీల మధ్య, ఇంజిన్ నడుస్తుండగా ప్లగ్ విప్పినప్పుడు ఆయిల్ సన్నని ధారగా కారి బొట్లుగా మారితే లెవెల్ సరిపోయినట్టు. మన ఎండాకాలంలో బయట నిలబెట్టిన బండి ఆయిల్ మధ్యాహ్నానికే 40 డిగ్రీలు దాటి ఉంటుంది కాబట్టి, ఈ పనిని తెల్లవారుజామున, రాత్రంతా చల్లబడిన బండి మీద చేయడం మంచిది. వేడి ఆయిల్ మీద లెవెల్ చూస్తే ఆయిల్ వ్యాకోచించి ఎక్కువగా కనిపిస్తుంది, అదనంగా ఉందనుకుని కార్చేస్తే నిజంగానే తక్కువవుతుంది.

బండి కిందికి వెళ్లే ముందు ఒక మాట. జాకీ ఒక్కదాన్నే నమ్మి ఎవరూ బండి కింద దూరకూడదు. గట్టి కాంక్రీటు నేల మీద, చక్రాలకు అడ్డు పెట్టి, నాలుగు స్టాండ్ల మీద బండిని నిలపాలి, లేదా ర్యాంపు ఉన్న గ్యారేజీకి వెళ్లాలి. పరుగు పెట్టి వచ్చిన బండి ఆయిల్ చర్మాన్ని కాల్చేంత వేడిగా ఉంటుంది.

లెవెల్ తక్కువగా ఉంటే ఆ ఆయిల్ ఎటో పోయిందని అర్థం. గేర్‌బాక్స్ ఆయిల్ ఇంజిన్ ఆయిల్‌లా ఖర్చు కాదు. యాక్సిల్ సీళ్లు, ఛాంబర్ (గేర్‌బాక్స్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి) ప్యాకింగ్, కూలర్ పైపుల చివరలు, ముందు పంపు సీల్ ఒక్కొక్కటిగా తుడిచి చూడండి. లీకు ఆపకుండా కేవలం ఆయిల్ పోసి పంపడం మరమ్మతు కాదు. లెవెల్ ఎక్కువైనా ప్రమాదమే, ఎందుకంటే తిరిగే భాగాలు ఆయిల్‌ను చిలికి నురగగా మారుస్తాయి, నురగకు పీడనం నిలవదు, లెవెల్ తక్కువైనప్పటిలాగానే గేరు జారుతుంది.

రంగును తెల్లని కాగితం మీద ఒక బొట్టు వేసి చూడండి. మంచి ఏటీఎఫ్ ఎక్కువ భాగం ఎర్రగా, పారదర్శకంగా ఉంటుంది. వాడకంతో కొద్దిగా ముదరడం సహజం. ముదురు గోధుమ రంగులో, మాడిన వాసనతో ఉంటే ప్లేట్లు కాలుతున్నాయి. గులాబీ రంగు పాలలా చిక్కగా కనిపిస్తే కూలెంట్ కలిసింది, అది అన్నిటికన్నా చెడ్డ గుర్తు. చాలా బండ్లలో గేర్‌బాక్స్ కూలర్ రేడియేటర్ తొట్టిలోనే ఉంటుంది, దాని గోడ తుప్పుపట్టి చిల్లు పడితే రెండు ద్రవాలూ కలిసిపోతాయి. నల్లగొండ జిల్లాలో బోరు నీళ్లు బాగా కఠినమైనవి, అంటే సున్నం ఎక్కువగా ఉన్నవి. కూలెంట్ తగ్గినప్పుడల్లా వాటిని రేడియేటర్‌లో పోస్తూ పోతే లోపల సున్నపు పొర పేరుకుని కూలర్ చల్లబరచడం మానేస్తుంది, లోహమూ దెబ్బతింటుంది. కంపెనీ చెప్పిన కూలెంట్, దొరకనప్పుడు డిస్టిల్డ్ వాటర్ తప్ప వేరే నీళ్లు పోయవద్దు. నీళ్లు కలిసిన ఆయిల్‌లో క్లచ్ ప్లేట్ల మీది ఘర్షణ పొరను అతికించిన జిగురు వదిలిపోతుంది కాబట్టి, ఆ స్థితిలో రేడియేటర్ మార్చి ఆయిల్ మారిస్తే చాలదు, పెట్టె విప్పి ప్లేట్లు మార్చవలసి వస్తుంది.

బయటి నుంచే కనిపించే కారణాలు

సెలెక్టర్ కేబుల్ సాగినా, దాని చివరి బుష్ అరిగినా, లోపల మీట డీ చూపుతుండగా గేర్‌బాక్స్ మీది మీట ఎన్, డీల మధ్యన నిలుస్తుంది. అప్పుడు ఆ మీటతో కదులుతూ ఆయిల్‌కు దారి తెరిచే మాన్యువల్ వాల్వ్ సగమే తెరుచుకుని పీడనం తగ్గుతుంది. ఒకరు లోపల గేరు మారుస్తుంటే మరొకరు బయట మీట పూర్తిగా తిరుగుతోందో లేదో చూస్తే అయిదు నిమిషాల్లో తేలే విషయం ఇది. ఇంజిన్ ఆపి ఉంచి, పార్కింగ్ బ్రేకు వేసి, చక్రాలకు అడ్డు పెట్టి చూడాలి.

రేడియేటర్, బయట కూలర్ రెక్కల మధ్య చూడండి. వరి కోతల కాలంలో మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు మిల్లుల చుట్టూ తిరిగే బండ్లలో ఊక, గడ్డిపొట్టు ఆ రెక్కలను మూసేస్తాయి. తక్కువ పీడనంతో నీళ్లు వెనక నుంచి ముందుకు కొట్టి శుభ్రం చేయాలి, రెక్కలు వంగిపోయేంత వేగంగా కాదు. ఊళ్లో పొలం పక్కన నిలిపే బండ్లకు ఎలుకలు వైర్లు కొరకడం మామూలు కాబట్టి గేర్‌బాక్స్ మీదికి వచ్చే వైరింగ్, కప్లర్ పిన్నులు విడదీసి చూడండి. కప్లర్‌లో ఆయిల్ కనిపిస్తే లోపలి వైరింగ్ సీల్ పోయింది.

స్కానర్ ఏం చెబుతుంది

ఓబీడీ పోర్టుకు (బండి కంప్యూటర్‌ను చదవడానికి ఇచ్చిన సాకెట్‌కు) స్కానర్ పెట్టి ఇంజిన్ కోడ్లే కాక గేర్‌బాక్స్ కంట్రోలర్ కోడ్లను కూడా చదివించండి. చవకైన బ్లూటూత్ పరికరాలు కొన్ని ఇంజిన్‌తోనే ఆగిపోతాయి. పి0700 అనేది స్వయంగా లోపం కాదు, గేర్‌బాక్స్ కంట్రోలర్‌లో మరో కోడ్ ఉందని ఇచ్చే కబురు మాత్రమే. పి0730 గేరు నిష్పత్తి తప్పిందని చెబుతుంది, పి0731 నుంచి పి0735 దాకా వరుసగా ఒకటి నుంచి అయిదో గేరు దాకా, పి0729 ఆరో గేరులో, పి0736 రివర్స్‌లో తప్పిందని చెబుతాయి. పి0741 లాకప్ క్లచ్ పట్టకపోవడాన్ని, పి0218 ఆయిల్ అతిగా వేడెక్కడాన్ని, పి0868 పీడనం తగ్గడాన్ని, పి0715, పి0720 వేగ సెన్సార్ల సర్క్యూట్ లోపాలను సూచిస్తాయి. సెన్సార్ చెడితే కంప్యూటర్‌కు జారుడు లేకపోయినా ఉన్నట్టు కనిపించవచ్చు కాబట్టి, సెన్సార్ కోడ్ ఉంటే ముందు దాన్నే తేల్చాలి. కోడ్లను చదవగానే చెరిపేయనివ్వకండి. కోడ్‌తో పాటు నమోదైన వేగం, ఉష్ణోగ్రత, గేరు వివరాలను ఫొటో తీసి పెట్టుకోవాలి.

కోడ్ కన్నా లైవ్ డేటా, అంటే బండి నడుస్తుండగా స్కానర్ చూపే అంకెలు, ఎక్కువ చెబుతుంది. ఇంజిన్ ఆర్‌పీఎం నుంచి టర్బైన్ ఆర్‌పీఎం (కన్వర్టర్ నుంచి గేర్‌బాక్స్‌లోకి వెళ్లే వేగం) తీసివేస్తే టార్క్ కన్వర్టర్ జారుడు వస్తుంది. లాకప్ పూర్తిగా పట్టిన తరువాత ఆ తేడా సున్నాకు దగ్గరగా ఉండాలి, కొన్ని బండ్లలో కంప్యూటరే కావాలని కొద్దిగా జారనిస్తుంది. టర్బైన్ ఆర్‌పీఎంను అవుట్‌పుట్ ఆర్‌పీఎంతో (గేర్‌బాక్స్ నుంచి చక్రాల వైపు వెళ్లే వేగంతో) భాగిస్తే ఆ గేరు నిష్పత్తి రావాలి. ఉదాహరణకు మూడో గేరు నిష్పత్తి 1.5 అనుకుంటే, అవుట్‌పుట్ 1400 తిరుగుతున్నప్పుడు టర్బైన్ 2100 తిరగాలి. అది 2500 చూపితే గేరు క్లచ్ 400 మేర జారుతోంది. ఈ రెండు లెక్కలతో లోపం కన్వర్టర్‌లోనా, గేర్‌బాక్స్ క్లచ్‌లలోనా అన్నది విడిపోతుంది.

ఏ గేర్లలో జారుతోందో రాసుకోండి

ఆటోమేటిక్ పెట్టెలో ప్రతి గేరుకూ వేరే క్లచ్ ఉండదు. కొద్దిపాటి క్లచ్‌లు, బ్రేక్‌లు (చక్రాల బ్రేకులు కావు, పెట్టె లోపలి భాగాలను తిరగకుండా పట్టేవి) జతలు జతలుగా పట్టి గేర్లను తయారు చేస్తాయి. అందువల్ల జారే గేర్ల జాబితాయే జారే క్లచ్ పేరు చెబుతుంది. ముందు చక్రాలతో నడిచే బండ్ల కోసం గేర్‌బాక్స్‌లు తయారుచేసే జపాన్ కంపెనీ ఐసిన్ చేసిన టీఎఫ్-80 తరహా ఆరు గేర్ల పెట్టెను ఉదాహరణగా తీసుకుందాం. అందులో సీ1 క్లచ్ ఒకటి నుంచి నాలుగో గేరు దాకా పనిచేస్తుంది. సీ2 నాలుగు, అయిదు, ఆరు గేర్లలో పట్టి ఉంటుంది. సీ3 మూడు, అయిదు, రివర్స్‌లలో పడుతుంది. బీ1 బ్రేక్ రెండు, ఆరు గేర్లకు, బీ2 బ్రేక్ రివర్స్‌కు, మొదటి గేరులో ఇంజిన్ బ్రేకింగ్‌కు పనిచేస్తాయి. కాబట్టి మూడు, అయిదు, రివర్స్‌లలో జారి రెండు, నాలుగు బాగుంటే సీ3ని, రెండు, ఆరులలో మాత్రమే జారితే బీ1ని, నాలుగు నుంచి పైకి మాత్రమే జారితే సీ2ని అనుమానించాలి. అన్ని గేర్లలోనూ, రివర్స్‌లోనూ జారితే ఒక క్లచ్ కాదు, అన్ని క్లచ్‌లకూ ఉమ్మడిగా వచ్చే పీడనమే తగ్గింది, అంటే ఆయిల్, ఫిల్టర్, పంపు, ప్రెషర్ రెగ్యులేటర్ వైపు చూడాలి. ప్రతి పెట్టెకూ ఈ పట్టిక వేరుగా ఉంటుంది. మీ మోడల్ పట్టికను సర్వీస్ మాన్యువల్ నుంచి తీసుకున్న మెకానిక్‌కే పని అప్పగించండి.

ఈ పరీక్షకు రద్దీ లేని, సమతలమైన రోడ్డు కావాలి. నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డులో నల్లగొండ దాటిన తరువాతి భాగమో, జడ్చర్ల దిగువన 44వ జాతీయ రహదారో ఉదయపు వేళ సరిపోతాయి. ఒకరు నడపాలి, పక్కన కూర్చున్నవారు స్కానర్ చూసి రాయాలి. మాన్యువల్ మోడ్ ఉంటే ఒక్కో గేరులో నిలిపి, మెల్లగా యాక్సిలరేటర్ పెంచి, చల్లని ఆయిల్‌తో ఒకసారి, వేడెక్కాక మరొకసారి రాసుకోవాలి. చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక జారితే సీళ్లలోంచి పీడనం కారిపోతుండవచ్చు. చల్లగా ఉన్నప్పుడే జారి వేడెక్కాక సర్దుకుంటే గట్టిపడిన సీళ్లు, మూసుకుపోయిన ఫిల్టర్ అనుమానానికి వస్తాయి. చివరగా 70, 80 వేగంలో స్థిరంగా పోతూ ఎడమ కాలితో బ్రేకును దీపం వెలిగేంత మాత్రమే తాకండి. లాకప్ పట్టి ఉన్నట్టయితే అది విడిచి ఆర్‌పీఎం కొన్ని వందలు పైకి లేస్తుంది. ఏ మార్పూ లేకపోతే లాకప్ అసలు పట్టలేదు.

స్టాల్ పరీక్ష, పీడన పరీక్ష

స్టాల్ పరీక్షను తయారీదారు అనుమతించిన బండి మీద, అనుభవం ఉన్నవారే చేయాలి. నాలుగు చక్రాలకు అడ్డు పెట్టి, పార్కింగ్ బ్రేకు వేసి, ఎడమ కాలితో బ్రేకును పూర్తిగా నొక్కి, డీలో యాక్సిలరేటర్‌ను అయిదు సెకన్లకు మించకుండా పూర్తిగా ఇచ్చి, ఆర్‌పీఎం ఎక్కడ ఆగుతుందో చూడాలి. బండి ముందూ వెనకా ఎవరూ నిలబడకూడదు. ఒక్కో పరీక్ష మధ్య కనీసం ఒకటి రెండు నిమిషాలు ఎన్‌లో చల్లబరచాలి. కొన్ని కొత్త బండ్లలో కంప్యూటరే ఇంజిన్‌ను అదుపు చేస్తుంది కాబట్టి ఫలితానికి అర్థం ఉండదు. మాన్యువల్‌లో చెప్పినదానికన్నా డీలో మాత్రమే ఎక్కువ వస్తే ముందుకు నడిపే క్లచ్, ఆర్‌లో మాత్రమే ఎక్కువ వస్తే రివర్స్ క్లచ్ లేదా బ్రేక్, రెండింటిలోనూ ఎక్కువైతే పీడనం. తక్కువ వస్తే ఇంజిన్ బలహీనంగా ఉంది, లేదా కన్వర్టర్ లోపలి వన్‌వే క్లచ్ (ఒకే దిశలో తిరగనిచ్చేది) పోయింది.

పీడన పరీక్ష దీనికన్నా నమ్మదగినది, బండికి హాని తక్కువ. పెట్టె మీది పరీక్ష రంధ్రానికి 20 బార్ దాకా చూపే గేజీని బిగించి, ఐడిల్‌లో, యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు, డీ, ఆర్ రెండింటిలోనూ చదివి మాన్యువల్‌తో పోల్చాలి. పీడనం సరిగ్గా ఉండి కూడా గేరు జారుతుంటే ప్లేట్లు అరిగినట్టే, ఇక పెట్టె దించే మాటకు ఆధారం ఉంది. పీడనం తక్కువైతే కింది దశల తరువాతే ఆ మాట రావాలి. పెట్టె దించుతామన్న మెకానిక్‌ను నేను మొదట అడగమని చెప్పే ప్రశ్న, గేజీ పెట్టి చూశారా అన్నదే.

ఛాంబర్ విప్పి ఆయిల్, ఫిల్టర్ మార్చడం

డ్రెయిన్ నట్టు విప్పి, కారిన ఆయిల్‌ను కొలత ఉన్న డబ్బాలో పట్టండి. ఎంత కారిందో తెలిస్తే ఎంత తక్కువగా ఉండేదో కూడా తెలుస్తుంది. ఛాంబర్ బోల్టులను ఒక మూల కాస్త మిగిల్చి విప్పితే మిగిలిన ఆయిల్ మీద పడకుండా ఒక వైపుకు వంగి కారుతుంది. ఛాంబర్ అడుగున అయస్కాంతాల మీద సన్నని బూడిద రంగు ముద్ద ఉండటం సహజం. ఉక్కు ముక్కలు, ఇత్తడి లేదా అల్యూమినియం పెచ్చులు, నల్లని ఘర్షణ పొర రేణువులు గుప్పెడు కనిపిస్తే మాత్రం ఫిల్టర్ మార్చి మూయడం వృథా. ఆ స్థితిలో కొత్త ఆయిల్ పోస్తే బాగవుతుందన్న ఆశ పెట్టుకోవద్దు.

అవేవీ లేకపోతే ఫిల్టర్, దాని ఓ-రింగు, ఛాంబర్ ప్యాకింగ్ కొత్తవి వేసి, బోల్టులను ఎదురెదురుగా, మాన్యువల్ చెప్పిన టార్క్‌కు, టార్క్ రెంచితో బిగించండి. డ్రెయిన్ చేసినప్పుడు మొత్తం ఆయిల్‌లో మూడో వంతు నుంచి సగం దాకా మాత్రమే వస్తుంది, మిగతాది కన్వర్టర్‌లోనూ కూలర్‌లోనూ ఉండిపోతుంది. కాబట్టి కొన్ని వందల కిలోమీటర్ల తేడాతో మరో రెండుసార్లు కార్చి పోయడం మేలు. ఆయిల్ విషయంలో గ్రేడు ఒక్కటే ప్రమాణం. "అన్ని బండ్లకూ పనికొస్తుంది" అని రాసిన ఆయిల్ గానీ, జారుడు ఆపుతుందని అమ్మే సీసా మందు గానీ పోయవద్దు. కార్చిన ఆయిల్‌ను కాలువలోనో చెలక గట్టునో పారబోయకుండా, వాడిన ఆయిల్ కొనేవారికి ఇచ్చేయండి.

వాల్వ్ బాడీ, సోలెనాయిడ్లు

ఆయిల్ తరువాత కూడా పీడనం తక్కువగా ఉంటే, లేదా ఒకే గేరు మార్పులో ఆర్‌పీఎం ఎగిసిపడుతుంటే, వాల్వ్ బాడీ (ఆయిల్‌ను ఏ క్లచ్‌కు పంపాలో నడిపించే వాల్వుల దిమ్మ) వైపు చూడాలి. చాలా పెట్టెలలో ఇది ఛాంబర్ వైపు నుంచో, ముందు మూత వైపు నుంచో పెట్టె దించకుండానే వస్తుంది. బ్యాటరీ నెగెటివ్ తీసి, కప్లర్ విప్పి, ముందు సోలెనాయిడ్ల (కరెంటుతో ఆయిల్ దారులను తెరిచి మూసే భాగాల) రెసిస్టెన్స్‌ను మల్టీమీటర్‌తో కొలవండి. గేరు మార్చే ఆన్-ఆఫ్ సోలెనాయిడ్లు మామూలు ఉష్ణోగ్రత వద్ద చాలావరకు 10 నుంచి 15 ఓమ్‌ల మధ్య, పీడనాన్ని క్రమబద్ధం చేసేవి 5 ఓమ్‌ల దగ్గర ఉంటాయి, ఖచ్చితమైన విలువ మాన్యువల్‌దే. రెసిస్టెన్స్ బాగున్నా లోపల మురికితో బిగుసుకుపోయి ఉండవచ్చు. వాల్వ్ బాడీని భాగాలుగా విడదీస్తే చిన్న ఉక్కు గోళీలు, స్ప్రింగులు రాలతాయి, ఒక్కటి చోటు మారినా గేరు పడదు. ప్రతి దశలో ఫొటో తీయాలి, దుమ్ము ఎగరని గదిలో చేయాలి, వాల్వులు తమ గుంతలలో సొంత బరువుతో జారాలి. గుంత అరిగి ఉంటే శుభ్రం చేయడం చాలదు, కంపెనీ నుంచి లేదా నమ్మకమైన రీబిల్డర్ నుంచి వచ్చిన వాల్వ్ బాడీ వేయాలి.

పెట్టె దించవలసి వస్తే

ప్లేట్లు కాలాయని, లేదా పంపు పోయిందని రుజువైతేనే ఈ దశ. ఇది ఇంటి దగ్గర చేసే పని కాదు. ట్రాన్స్‌మిషన్ జాకీ, ఇంజిన్‌ను పైనుంచి పట్టే సపోర్టు, ఆ పెట్టె మాన్యువల్ ఉన్న చోటే చేయించాలి. మీరు చేయవలసింది జరుగుతున్న పని సరైనదో కాదో తెలుసుకోవడం. కాలిన ఒక్క సెట్ ప్లేట్లు మార్చి మూసేస్తామంటే ఒప్పుకోకండి. ఓవర్‌హాల్ కిట్‌లోని రబ్బరు సీళ్లు, టెఫ్లాన్ రింగులు, ప్యాకింగులు, ఫిల్టర్ అన్నీ కొత్తవి పడాలి. కొత్త ఘర్షణ ప్లేట్లను అదే గ్రేడు ఆయిల్‌లో మాన్యువల్ చెప్పినంతసేపు, కనీసం అరగంట నానబెట్టాలి. బిగించాక ప్రతి క్లచ్ ప్యాక్ సందును ఫీలర్ గేజీతో కొలిచి రాసి ఇమ్మనండి. మూయడానికి ముందు తక్కువ పీడనపు గాలి పెట్టి క్లచ్ పిస్టన్లు కదులుతున్నాయో, గాలి కారుతోందో చూడాలి.

కన్వర్టర్ లోపల చేరిన చెత్తను కడిగి తీయడం దాదాపు అసాధ్యం, ఎందుకంటే అది వెల్డింగ్‌తో మూసిన పెట్టె. ప్లేట్లు కాలిన పెట్టెకు దాన్ని మార్చాలి, లేదా కోసి బాగుచేసే చోట రీబిల్డ్ చేయించాలి. కూలర్‌నూ అలాగే పూర్తిగా ఫ్లష్ చేయాలి, అనుమానం ఉంటే మార్చాలి. మరమ్మతు చేసిన పెట్టె కొద్ది నెలల్లో మళ్లీ జారడానికి ఈ రెండింటిని వదిలేయడం పెద్ద కారణం. తిరిగి ఎక్కించేటప్పుడు కన్వర్టర్ పంపు గాడుల్లోకి పూర్తిగా కూర్చుందో లేదో, పెట్టె అంచు నుంచి దాని దాకా ఉన్న దూరం కొలిచి చూడాలి. కూర్చోకుండానే బోల్టులు బిగిస్తే ఇంజిన్ తొలిసారి తిరగకముందే పంపు పగిలిపోతుంది.

పని తరువాత

ఆయిల్ పూర్తిగా మార్చినా, వాల్వ్ బాడీ, సోలెనాయిడ్, ప్లేట్లలో ఏది మార్చినా, కంప్యూటర్ పాత అరుగుదలకు తగ్గట్టు నేర్చుకున్న పీడన విలువలను స్కానర్‌తో చెరిపి, ఆ మోడల్‌కు చెప్పిన పద్ధతిలో కొత్తగా నేర్పించాలి. ఇది చేయకపోతే గేర్లు గట్టిగా తట్టినట్టు పడతాయి లేదా మళ్లీ జారతాయి. చాలా పెట్టెలకు నేర్పించే పద్ధతిలో ఆయిల్ ఒక నిర్దిష్ట ఉష్ణోగ్రతకు వచ్చాక, తేలికైన యాక్సిలరేటర్‌తో అన్ని గేర్లు పైకీ కిందికీ మారేలా కొన్నిసార్లు నడపడం ఉంటుంది. ఆ తరువాత మొదట రాసుకున్న కాగితం తీసుకుని, అదే రోడ్డు మీద, అదే గేర్లలో, టర్బైన్, అవుట్‌పుట్ లెక్కలను మళ్లీ రాయించండి. పాత అంకెలు, కొత్త అంకెలు పక్కపక్కన చూశాకే బిల్లు చెల్లించండి. మొదటి వెయ్యి కిలోమీటర్ల దాకా బరువైన లోడుతో ఘాట్ ఎక్కించవద్దు. ఆ తరువాత ఒక ఉదయం బండి కింద తెల్లని అట్ట పరిచి లీకు చూసి, ఆయిల్ లెవెల్‌ను సరైన ఉష్ణోగ్రత వద్ద మరోసారి తనిఖీ చేసి, ఆ రోజు మీటరు అంకెను, పోసిన ఆయిల్ గ్రేడును సర్వీస్ పుస్తకంలో రాయించుకోండి.